ప్రయాణికుని అమానత్: సర్గ్ నుంచి కమరాన్ వరకు

సకల స్తోత్రాలకూ అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

ముస్లిం జీవితంలో ప్రయాణానికి గొప్ప స్థానముంది. మనం హజ్, ఉమ్రాల కోసం ప్రయాణిస్తాం; విద్య కోసం, ధర్మసమ్మతమైన ఉపాధి కోసం, బంధువులను కలుసుకోవడం కోసం ప్రయాణిస్తాం. అయితే ప్రయాణికుడు తన మూటాముల్లెతో పాటు తనకే తెలియని వ్యాధిని కూడా మోసుకుపోవచ్చు. అందువల్లనే ప్రతి దేశం తన ఓడరేవులోనూ విమానాశ్రయంలోనూ సరిహద్దు చౌకీలోనూ ఆగంతుకులను పరీక్షిస్తుంది. టీకా పత్రం అడుగుతుంది. జ్వరం ఉందేమో చూస్తుంది. దిగుమతి అయ్యే పశువులను కొన్ని రోజులు వేరుగా నిలిపి ఉంచుతుంది.

ఈ తనిఖీని మనలో కొందరు ప్రభుత్వాల తద్దినంగా భావిస్తారు. మరికొందరు దీనిని తవక్కుల్‌కు, అంటే దైవంపై భరోసాకు విరుద్ధమైనదిగా తలుస్తారు. నేటి ఖుత్బాలో ఈ తనిఖీ చరిత్రను, ముఖ్యంగా మన హాజీలు అనుభవించిన చరిత్రను, సంక్షిప్తంగా పరిశీలిద్దాం. ఆ చరిత్ర నేర్పే పాఠం ఒక్కటే. ద్వారం వద్ద ఆపేవానిపై ఒక అమానత్ ఉంది. ద్వారం వద్ద ఆగేవానిపై మరొక అమానత్ ఉంది. ఈ రెంటిలో ఏది లోపించినా వ్యాధి ఆ ద్వారాన్ని దాటిపోతుంది.

సర్గ్ వద్ద వెనుదిరిగిన ఖలీఫా

హిజ్రీ 18, అంటే క్రీ.శ. 639 ప్రాంతంలో షామ్ దేశాన్ని ఘోరమైన ప్లేగు పీడించింది. పాలస్తీనాలోని అమ్వాస్ అనే ఊరి పేరు మీదుగా చరిత్రలో అది అమ్వాస్ తాఊన్‌గా నిలిచిపోయింది. ఆ రోజుల్లో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుంచి షామ్‌కు బయలుదేరారు. హిజాజ్, షామ్ ప్రాంతాల సరిహద్దులోని సర్గ్ అనే చోటికి చేరుకునేసరికి, సేనాధిపతి హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి), ఆయన సహచరులు ఎదురువచ్చి వ్యాధి వార్తను తెలిపారు.

తరువాత జరిగిన సంగతిని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) వివరంగా ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ దానిని నమోదు చేశాయి. హజ్రత్ ఉమర్ (రజి) తాను ఒక్కరే నిర్ణయం తీసుకోలేదు. మొదట ముహాజిర్లను పిలిపించి సంప్రదించారు. వారిలో భేదాభిప్రాయం వచ్చింది. ఒక పనికోసం బయలుదేరాక వెనుదిరగరాదని కొందరన్నారు; మహాప్రవక్త (స) సహచరులను వ్యాధి నోటికి అప్పగించరాదని మరికొందరన్నారు. తరువాత అన్సార్లను పిలిపించారు. వారిలోనూ అదే భేదం కనిపించింది. చివరకు మక్కా విజయకాలంలో వలస వచ్చిన ఖురైష్ పెద్దలను పిలిపించారు. వారు ఏకకంఠంతో వెనుదిరగమన్నారు. మరునాటి ఉదయమే తిరుగు ప్రయాణమని ఖలీఫా ప్రకటించారు.

అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఒక సూటి ప్రశ్న వేశారు: ఇది అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోవడం కాదా? ఈనాటికీ అనేకుల మనసులో మెదిలే ప్రశ్న ఇదే. హజ్రత్ ఉమర్ (రజి) ఇచ్చిన సమాధానపు సారం ఇది: మేము అల్లాహ్ ఒక నిర్ణయం నుంచి ఆయన మరొక నిర్ణయం వైపుకే వెళుతున్నాము. ఆపైన ఆయన అందరికీ తెలిసిన ఒక ఉపమానం చెప్పారు. ఒక లోయకు రెండు వైపులు ఉన్నాయి. ఒకటి పచ్చగడ్డితో నిండినది, మరొకటి ఎండిపోయినది. కాపరి తన ఒంటెలను పచ్చని వైపు మేపినా అల్లాహ్ నిర్ణయం ప్రకారమే మేపుతాడు, ఎండిన వైపు మేపినా ఆయన నిర్ణయం ప్రకారమే మేపుతాడు. అయినప్పటికీ బుద్ధి ఉన్న కాపరి ఏ వైపు ఎంచుకుంటాడో వేరుగా చెప్పనక్కరలేదు.

అంతలో, ఏదో పని మీద వెళ్ళి ఉన్న హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తిరిగివచ్చారు. ఈ విషయమై దైవప్రవక్త (స) నుంచి తాను స్వయంగా విన్న ఉపదేశాన్ని వినిపించారు. దాని భావం ఇది: ఒక ప్రాంతంలో తాఊన్ ఉన్నదని తెలిస్తే అక్కడికి వెళ్ళకండి, మీరున్న చోటనే అది తలెత్తితే, దాని నుంచి పారిపోయే ఉద్దేశంతో బయటికి రాకండి. ఇది విని ఖలీఫా అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

సోదరులారా! ఈ ఉపదేశంలోని రెండు భాగాలను గమనించండి. మొదటి భాగం ఆరోగ్యవంతుడిని కాపాడుతుంది. రెండవ భాగం ఇతర ఊళ్ళను కాపాడుతుంది. నేడు దేశాలు వచ్చేవారినే కాక వెళ్ళేవారిని కూడా పరీక్షిస్తున్నాయి. పద్నాలుగు శతాబ్దాల క్రితం వచ్చిన ఈ ఉపదేశంలో ఆ రెండు బాధ్యతలూ ఉన్నాయి.

మరొక విషయం ఇంకా ముఖ్యమైనది. సర్గ్ వద్ద ఆగినది ఎవరు? ఒక అనామక బాటసారి కాదు. విశాల రాజ్యానికి అధిపతి, ఆయనతో పాటు ప్రముఖ సహాబాలు. నియమం మొట్టమొదట పాలకునికే వర్తించింది. రెండవ భాగాన్ని హజ్రత్ అబూ ఉబైదా (రజి) తన ప్రాణంతో పాటించారు. ఆయనను షామ్ నుంచి బయటికి రప్పించాలని ఖలీఫా లేఖ రాశారనీ, తన సైనికులను విడిచి రాలేనని ఆయన మన్నింపు కోరారనీ చరిత్రకారులు పేర్కొన్నారు. ఆయన ఆ వ్యాధిలోనే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయన తరువాత బాధ్యత స్వీకరించిన హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా అదే వ్యాధితో మరణించారు. ఆపైన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను కొండ ప్రాంతాలకు చెదిరిపోయి ఉండమని ఆదేశించారు. ఆ తరువాత వ్యాధి తగ్గుముఖం పట్టింది.

ఒంటెల యజమానికి చెప్పిన నియమం

వ్యాధిని మోసుకువచ్చేది మనిషి ఒక్కడే కాదు. వ్యాధిగ్రస్తమైన ఒంటెల యజమాని వాటిని ఆరోగ్యంగా ఉన్న ఒంటెల వద్దకు తోలుకురాకూడదని దైవప్రవక్త (స) ఆదేశించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. బాధ్యత ఎవరిపై పెట్టబడిందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న మంద యజమాని కాపలా కాయాలని కాదు, వ్యాధి ఉన్న మంద యజమాని తానుగా ఆగిపోవాలని చెప్పబడింది.

సఖీఫ్ తెగ ప్రతినిధి బృందంలో కుష్ఠు వ్యాధిగ్రస్తుడు ఒకడు ఉన్నాడు. అతని బైఅత్‌ను, అంటే విధేయతా ప్రతిజ్ఞను, తాము స్వీకరించామనీ, అతను తిరిగి వెళ్ళవచ్చుననీ దైవప్రవక్త (స) కబురు పంపారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. అతనిని దూరంగానే ఉంచారు, కానీ అవమానించలేదు. అతనికి రావలసిన గౌరవంలో ఏ లోటూ రానివ్వలేదు. వ్యాధిని ఆపుతూనే మనిషిని గౌరవించే మార్గం ఇదే. తరువాతి చరిత్రను ఈ కొలబద్దతోనే కొలుద్దాం.

పండితుల చర్చ

తరువాతి శతాబ్దాలలో అంటువ్యాధి గురించి మన పండితులలో లోతైన చర్చ జరిగింది. తన కుమార్తెలను ప్లేగులో పోగొట్టుకున్న హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై) తాఊన్ విషయమై ఒక ప్రత్యేక గ్రంథమే రచించారు. 14వ శతాబ్దంలో ఐరోపాను, ముస్లిం ప్రపంచాన్ని ప్లేగు తుడిచిపెట్టినప్పుడు, గ్రనడా నగరానికి చెందిన ఇబ్నుల్ ఖతీబ్ కంటికి కనిపించిన దానిని సాక్ష్యంగా చూపారు. రోగిని తాకినవారికి వ్యాధి సోకుతోంది. ఏకాంతంగా ఉన్నవారు క్షేమంగా ఉంటున్నారు. వ్యాధి ఉన్న దేశపు ఓడ రాగానే ఆరోగ్యంగా ఉన్న రేవులో మరణాలు మొదలవుతున్నాయి. దీనిని కాదనడం ఎలా సాధ్యమని ఆయన వాదించారు.

ఆ శతాబ్దంలోనే ఆడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం, అంటే నేటి డుబ్రోవ్నిక్, 1377లో వ్యాధి ప్రాంతాల నుంచి వచ్చేవారు ముప్పై రోజులు వేరుగా ఉండాలని శాసనం చేసింది. తరువాత అనేక రేవుల్లో ఆ గడువు నలభై రోజులైంది. నలభైకి ఇటలీ భాషలో ఉన్న మాట నుంచే క్వారంటైన్ అనే పేరు పుట్టింది. 1838లో ఉస్మానియా సుల్తాన్ రెండవ మహ్మూద్ ఇస్తాంబుల్‌లో క్వారంటైన్ వ్యవస్థను స్థాపించినప్పుడు, అది అన్యుల ఆచారమని కొందరు అభ్యంతరం తెలిపారు. వ్యాధి నుంచి కాపాడుకోవడం షరీఅత్‌కు విరుద్ధం కాదని సమర్థించిన రచనలు కూడా ఆ కాలంలోనే వెలువడ్డాయి. వాటిలో అల్జీరియాకు చెందిన హమ్దాన్ బిన్ ఉస్మాన్ ఖోజా రచన ప్రసిద్ధమైనది.

హజ్ మార్గంలో కలరా

19వ శతాబ్దంలో బెంగాల్ నుంచి బయలుదేరిన కలరా ప్రపంచాన్ని చుట్టుముట్టింది. 1831లో అది మొదటిసారి మక్కాలో విజృంభించి వేలాదిమందిని బలిగొన్నది. ఆవిరి ఓడలు వచ్చిన తరువాత ప్రమాదం ఇంకా పెరిగింది. తెరచాప ఓడపై సుదీర్ఘ ప్రయాణంలో వ్యాధి దారిలోనే బయటపడి అంతమయ్యేది. ఆవిరి ఓడ కొద్దిరోజుల్లోనే రేవు చేరడంతో వ్యాధి కూడా సజీవంగా రేవు చేరసాగింది.

1865 హజ్‌లో సుమారు 15,000 మంది హాజీలు కలరాతో మరణించారని ఆనాటి అంచనా. తిరుగు ప్రయాణంలో వ్యాధి సూయజ్ మీదుగా అలెగ్జాండ్రియాకు, అక్కడి నుంచి ఇస్తాంబుల్, మార్సేయ్ రేవులకు, ఐరోపా అంతటికీ పాకింది. కలవరపడిన ప్రభుత్వాలు 1866లో ఇస్తాంబుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం జరిపాయి. కలరా మూలం గంగా నది ముఖద్వార ప్రాంతమనీ, హజ్ ఓడలు దానిని పడమటికి చేరుస్తున్నాయనీ, ఎర్రసముద్ర ముఖంలోనే వాటిని ఆపాలనీ ఆ సమావేశం అభిప్రాయపడింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఈ భయం రెట్టింపయింది.

సత్యాన్ని సత్యంగానే చెప్పుకోవాలి. భారతదేశపు రేవుల నుంచి వెళ్ళిన ఓడలలో కలరా ఉన్నమాట వాస్తవం. 1893 హజ్‌లో మక్కాలో మరణించినవారి సంఖ్య దాదాపు 30,000 అని అంచనా. వారు మన సోదరులే. కాబట్టి హాజీల ఓడలను పరీక్షించాలన్న ఆలోచన మొట్టమొదట హాజీల ప్రాణాలకే రక్ష. ఆ పరీక్ష ఏ విధంగా జరిగిందనేది వేరొక ప్రశ్న.

కమరాన్ దీవి

ఎర్రసముద్రంలో యమన్ తీరానికి దగ్గరగా కమరాన్ అనే చిన్న దీవి ఉంది. 1882లో ఉస్మానియా ప్రభుత్వం అక్కడ క్వారంటైన్ కేంద్రం నెలకొల్పింది. దక్షిణం నుంచి, అంటే భారతదేశం, జావా ద్వీపాల నుంచి వచ్చే ప్రతి హజ్ ఓడా జిద్దా చేరకముందు అక్కడ ఆగవలసిందే. మన ప్రాంతం వారు కూడా ఆ దీవి మీదుగానే వెళ్ళారు. 1874లో సికింద్రాబాదు నుంచి వాడి వరకు రైలు మార్గం ఏర్పడిన తరువాత, నిజాం రాజ్యపు హాజీలు రైలులో బొంబాయి చేరి అక్కడ ఓడ ఎక్కేవారు. బొంబాయి ఓడకు తదుపరి మజిలీ కమరానే.

దీవిలో జరిగేది ఇది. హాజీలను చిన్న పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. వారి బట్టలను, పరుపులను తీసుకుని ఆవిరి యంత్రంలో శుద్ధి చేసేవారు. వారికి స్నానం చేయించి, తాటాకు, గడ్డి కప్పిన పాకలలో ఉంచేవారు. వ్యాధి ఉన్న ఓడవారికి పది రోజుల నిర్బంధం. ఆ పది రోజులలో కొత్తగా ఎవరికైనా వ్యాధి సోకితే లెక్క మళ్ళీ మొదటి నుంచి ప్రారంభమయ్యేది. ఈ నిర్బంధపు రుసుమును హాజీలే చెల్లించుకోవాలి. నీరు, ఆహారం, చోటు, అన్నింటి మీదా ఫిర్యాదులు వచ్చేవి. స్త్రీలను పరీక్షించే తీరు, పర్దా విషయంలో అలక్ష్యం అందరికంటే ఎక్కువగా బాధించాయి. అన్నింటినీ మించి ఒక భయం వారిని వెంటాడేది: లెక్క పొడిగితే అరఫాత్ దినం దాటిపోతుందేమో! ఆయుష్షంతా పైసా పైసా కూడబెట్టి బయలుదేరిన వృద్ధునికి ఆ భయం ఎలాంటిదో ఊహించుకోండి.

ఇదే కాలంలో సూయజ్ కాలువ గుండా వెళ్ళే వర్తక నౌకల విషయంలో వేరొక నీతి నడిచింది. తన వాణిజ్యానికి ఆలస్యం కలగరాదని బ్రిటన్ దశాబ్దాలపాటు క్వారంటైన్‌ను ప్రతిఘటించింది. చివరకు 1892లో వెనిస్ ఒప్పందం ప్రకారం, అనుమానం ఉన్న ఓడలు కూడా తీరాన్ని తాకకుండా కాలువ దాటిపోయే వెసులుబాటు పొందాయి. 1894 పారిస్ సమావేశం మాత్రం హజ్ యాత్రపై కట్టుబాట్లను మరింత బిగించింది. నిబంధన బీద హాజీకి ఒక విధంగా, సంపన్న వర్తకునికి మరొక విధంగా అమలైంది. సర్గ్ వద్ద ఆగినవారు ఖలీఫా. కమరాన్ వద్ద ఆగినవాడు ఓడ డెక్కు మీద కూర్చున్న బీద హాజీ. ఈ రెంటి మధ్య ఉన్న తేడాయే ఈ చరిత్రలోని అన్యాయం. ఆపడం అన్యాయం కాదు; కొందరినే ఆపడం, ఆపినవారిని హీనంగా చూడడం అన్యాయం.

ఈ అన్యాయానికి ఫలితం ఏమైందంటే సత్యం దాక్కుంది. లెక్క పొడిగిస్తారన్న భయంతో హాజీలు తమలోని రోగులను దాచసాగారు. దాచిన రోగి వలన వ్యాధి మరికొందరికి పాకింది. దానితో అధికారులు ఇంకా కఠినులయ్యారు. హాజీలు ఇంకా ఎక్కువగా దాచారు. 1882లో జిద్దాలో బ్రిటిష్ వైస్ కాన్సల్‌గా నియమితుడైన డాక్టర్ అబ్దుర్రజాఖ్ భారతీయ ముస్లిం. హాజీల కష్టాలను దగ్గరి నుంచి చూసి ప్రభుత్వానికి నివేదికలు పంపిన వైద్యుడాయన. 1895లో జిద్దా శివారులో జరిగిన దాడిలో ఆయన హతుడయ్యాడు. హిజాజ్‌లో ఆవిరి శుద్ధి యంత్రాలపై జనాగ్రహం పెల్లుబికినది కూడా ఆ రోజుల్లోనే. వైద్యుడినీ శత్రువునూ వేరుచేసి చూడలేనంతగా నమ్మకం చెదిరిపోయిందన్నమాట.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. మరుసటి ఏడాది వెనిస్‌లో అంతర్జాతీయ సమావేశం జరిగింది. భారత ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. బొంబాయి నుంచి హజ్ యాత్ర ఆ సంవత్సరం నిలిచిపోయింది. ధర్మంలో జోక్యం చేసుకోమని 1858లో వాగ్దానం చేసిన ప్రభుత్వం ఇలా చేయవచ్చునా అని ముస్లింలు ప్రశ్నించారు. ఆ ప్రశ్న సహజమైనదే. అయితే ప్లేగు ఉన్న ఊరి నుంచి బయటికి వెళ్ళరాదన్న ఉపదేశం మన ప్రవక్త (స) చేసినదే కదా! పాలకుని ఉద్దేశంపై మనకు అనుమానం ఉండవచ్చు. ఆ అనుమానం ఉన్నంతమాత్రాన మన ధర్మం మనపై మోపిన బాధ్యత తొలగిపోదు.

ద్వారం చూడలేనిది

ఉత్తరం వైపు తిరిగివెళ్ళే హాజీలను సీనాయి ద్వీపకల్పంలోని తూర్ అనే చోట ఆపేవారు. 1905లో ఫెలిక్స్ గాట్‌ష్లిక్ అనే వైద్యుడు అక్కడ మరణించిన కొందరు హాజీల శరీరాలలో కలరా క్రిమిని పోలిన ఒక క్రిమిని కనుగొన్నాడు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే ఆ హాజీలలో కలరా లక్షణాలు కనిపించలేదు. ఆ క్రిమికి ఆ ఊరి పేరు మీదుగా ఎల్ తూర్ అనే పేరు స్థిరపడింది. అది నిజమైన కలరా క్రిమి అవునా కాదా అని శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. 1961లో ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఆ క్రిమియే కొత్త మహమ్మారిగా లేచి, 1964 నాటికి భారతదేశానికి చేరింది. అది సోకినవారిలో అత్యధికులకు స్వల్ప లక్షణాలుంటాయి, లేదా అసలేమీ ఉండవు.

దీనిలో మనకొక గుణపాఠం ఉంది. ద్వారపాలకుడు చూడగలిగింది పరిమితమే. అతను జ్వరాన్ని కొలవగలడు, పత్రాన్ని చదవగలడు, రక్తాన్ని పరీక్షించగలడు. పొదిగే దశలో ఉన్న వ్యాధి అతని కంటికి చిక్కదు. ప్రయాణికుడు పది రోజుల క్రితం ఏ రోగి పక్కన కూర్చున్నాడో అతనికి తెలియదు. అది ప్రయాణికునికీ అల్లాహ్‌కూ మాత్రమే తెలుసు. ద్వారం చూడలేని చోట కాపలా కాయవలసింది విశ్వాసి అంతరాత్మే. అమానత్ అంటే ఇదే.

బాధ్యత మన చేతికి

1915లో కమరాన్ బ్రిటిష్ వారి వశమైంది. 1926లో బ్రిటన్, హాలెండ్ దేశాలు ఆ కేంద్రాన్ని కలిసి నడిపే ఒప్పందం చేసుకున్నాయి. అంటే హరమైన్ దారిలో ఉన్న ద్వారపు తాళాలు రెండు వలస రాజ్యాల చేతిలో ఉండిపోయాయి. భారతీయ ముస్లింలు దీనిపై పదేపదే అభ్యంతరం తెలిపారు. కాలక్రమంలో సౌకర్యాలు కొంత మెరుగుపడ్డాయి, గడువులు తగ్గాయి.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పరిస్థితి మారింది. 1956లో సౌదీ అరేబియా జిద్దాలో సొంత క్వారంటైన్ కేంద్రాన్ని ప్రారంభించింది. 1957 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళిలో హాజీల కోసమే ఉన్న ప్రత్యేక నిబంధనలు తొలగిపోయాయి. హాజీ కూడా అందరిలాంటి ప్రయాణికుడే అయ్యాడు. ద్వారపు బాధ్యత ముస్లింల చేతికి వచ్చింది.

బాధ్యత మన చేతికి వచ్చాక తనిఖీ ఆగిందా? ఆగలేదు, ఆగకూడదు కూడా. 1987 హజ్ తరువాత మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు వచ్చే ప్రాణాంతక వ్యాధి, హాజీలతో పాటు అనేక దేశాలకు చేరింది. అప్పటి నుంచి హాజీలకు ఆ టీకా తప్పనిసరి అయింది. 2000, 2001 సంవత్సరాలలో అదే వ్యాధి మరొక రకం రూపంలో వచ్చింది. పాత టీకా దానిని ఆపలేదు. ఆపైన నాలుగు రకాలనూ అడ్డుకునే టీకాను నిర్ణయించారు. మక్కాకు చేరడానికి కనీసం పది రోజుల ముందే ఆ టీకా వేసుకోవాలి. శరీరంలో రక్షణ ఏర్పడడానికి ఆ వ్యవధి అవసరం. పోలియో ప్రమాదం ఉన్న దేశాలవారికి పోలియో చుక్కలు, పచ్చజ్వరం ఉన్న దేశాలవారికి దాని టీకా నియమంగా ఉన్నాయి.

2020లో కరోనా వచ్చినప్పుడు అంతకుముందు ఏటా ఇరవై లక్షలమందికి పైగా చేసే హజ్‌ను దాదాపు వెయ్యి మంది మాత్రమే చేశారు. వారంతా ఆ దేశంలో ఉన్నవారే. 2021లో టీకా వేసుకున్న 60,000 మందిని అనుమతించారు. 2022లో పది లక్షలమందిని. ఆ రోజుల్లో ఇహ్రామ్ బట్టలు మడతపెట్టి బీరువాలో దాచుకుని కన్నీరు కార్చినవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. కానీ ఆ నియమం సంపన్నునికీ బీదకూ, అరబ్బుకూ అరబ్బేతరునికీ ఒకేలా వర్తించింది. కమరాన్ నియమానికి లేని న్యాయం దీనికి ఉంది.

పశువుల ఓడలు

ఒంటెల యజమానికి చెప్పిన నియమం కూడా మన కాలంలో పరీక్షకు నిలిచింది. ఖుర్బానీ కోసం లక్షలాది గొర్రెలు, మేకలు సోమాలియా తీరం నుంచి ఓడలలో జిద్దాకు చేరుతుంటాయి. 2000లో రిఫ్ట్ లోయ జ్వరం అనే పశువ్యాధి సౌదీ అరేబియా, యమన్ దేశాలలో తలెత్తి మనుషుల ప్రాణాలనూ తీసింది. ఆఫ్రికా ఖండం వెలుపల ఆ వ్యాధి కనిపించడం అదే మొదటిసారి. సౌదీ అరేబియా ఆఫ్రికా కొమ్ము ప్రాంతపు పశువుల దిగుమతిని నిషేధించింది.

ఆ నిషేధం అవసరమైనదే. కానీ పశువులే జీవనాధారమైన సోమాలీ కాపరులకు అది సంవత్సరాల తరబడి దుర్భర భారమైంది. బెర్బెరా రేవులో పశువులను నిలిపి, రక్తం పరీక్షించి, ఆరోగ్యంగా ఉన్నవాటినే ఓడ ఎక్కించే క్వారంటైన్ కేంద్రం ఏర్పడిన తరువాత, 2009లో నిషేధం తొలగింది. తలుపు పూర్తిగా మూసివేయడం సులభం. పరీక్షించి తెరవడానికి ఖర్చు, శ్రమ, నైపుణ్యం కావాలి. అయితే వ్యాధి నుంచి ఒకరినీ, ఆకలి నుంచి మరొకరినీ కాపాడగలిగేది ఆ రెండవ మార్గమే.

నేడు మన కర్తవ్యం

ధార్మిక సోదరులారా! ఈ చరిత్ర వెలుగులో మన మీద ఉన్న కొన్ని బాధ్యతలను గుర్తుచేసుకుందాం.

మొదటిది సత్యం. జ్వరమాపకాన్ని మోసగించడానికి ముందుగా మాత్ర మింగి క్యూలో నిలబడడం, టీకా వేయించుకోకుండానే పత్రం సంపాదించడం, పసుపు పుస్తకంలో తప్పుడు ముద్ర వేయించుకోవడం అబద్ధ సాక్ష్యం చెప్పడమే. హజ్ కోసం ఈ పని చేసేవాడు ఒక ఆరాధనను అబద్ధంతో మొదలుపెడుతున్నాడు. తవాఫ్‌లో అతని పక్కన నడిచే వృద్ధురాలికి అతని దగ్గు మరణమే కావచ్చు. ఒక ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళిని కాపాడడంతో సమానమని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో బోధిస్తున్నది. ఒకరికి హాని చేయడాన్నీ, ప్రతిగా హాని చేయడాన్నీ దైవప్రవక్త (స) నిషేధించారు. వ్యాధిని దాచి ప్రయాణించడం ఆ హానిలో చేరదా?

రెండవది ఓర్పు. హైదరాబాదు హజ్ హౌస్‌లోనో, జిల్లా కేంద్రంలోనో టీకా శిబిరానికి పిలిచినప్పుడు దానిని హజ్ సన్నాహంలో భాగంగా భావించండి. అక్కడ వరుసలో నిలబడే గంట కూడా, ఇన్షాఅల్లాహ్, ప్రతిఫలం లేకుండా పోదు. షుగర్, బి.పి., ఆస్తమా ఉన్నవారు ఆ విషయం దాచకుండా వైద్యునికి చెప్పండి.

మూడవది దయ. మన యువకులు వేలాదిగా గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. వెళ్ళే ముందు వారికి ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు జరుగుతాయి. ఎప్పుడో నయమైపోయిన క్షయ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అనర్హుడని ముద్ర పడవచ్చు. అప్పటికే అప్పు చేసిన కుటుంబం కుంగిపోతుంది. ఊరివారు అతని ఇంటి గడప తొక్కడానికి వెనుకాడతారు. సఖీఫ్ తెగ రోగికి దైవప్రవక్త (స) ఇచ్చిన గౌరవాన్ని తలచుకోండి. అతనిని చికిత్సకు తీసుకువెళ్ళండి. క్షయకు ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. అతని అప్పు తీర్చడానికి మస్జిద్ కమిటీ, జకాత్ నిధి ముందుకు రావాలి. రోగిని సిగ్గుపడేలా చేసే సమాజంలో ఎవరూ వ్యాధిని బయటపెట్టరు. కమరాన్ చరిత్ర చెప్పినది ఇదే.

నాలుగవది న్యాయం. మనలో వైద్యులు, నర్సులు, విమానాశ్రయ ఉద్యోగులు, పశువైద్య సిబ్బంది ఉన్నారు. ద్వారం వద్ద నిలబడినవారు మీరే. లంచం తీసుకుని ఒకరిని వదిలివేయడం, నిరక్షరాస్యుడైన కూలీని కసిరికొట్టడం రెండూ అమానత్‌లో ఖియానతే. మీరు ఆపవలసి వస్తే ఆపండి. కానీ కారణం చెప్పి, మర్యాదగా, అందరినీ ఒకేలా ఆపండి.

సోదరులారా! తవక్కుల్ అంటే ఒంటెను కట్టకుండా వదిలివేయడం కాదని మనకు నేర్పబడింది. హజ్రత్ ఉమర్ (రజి) కంటే మనకు ఎక్కువ తవక్కుల్ లేదు. ఆయన సర్గ్ వద్ద వెనుదిరిగారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) కంటే మనకు ఎక్కువ ధైర్యం లేదు. ఆయన ఉన్నచోటనే నిలిచారు. ఒకరు వెనుదిరిగి, మరొకరు కదలకుండా నిలిచి, ఇద్దరూ ఒకే ఉపదేశానికి విధేయులయ్యారు.

ఓ అల్లాహ్! కమరాన్‌లో, తూర్‌లో, మక్కా దారులలో వ్యాధితో మరణించిన హాజీలను నీ కారుణ్యంలోకి తీసుకో. మా రోగులకు స్వస్థత ప్రసాదించు. మా ప్రయాణాలను మాకూ, మేము చేరే ఊళ్ళవారికీ క్షేమకరం చేయి. మేము ఆపే చోట న్యాయాన్నీ, ఆగే చోట సత్యాన్నీ పాటించే భాగ్యాన్ని మాకు కలుగజేయి.

ఆమీన్.